ముప్ఫై ఎనిమిది ఫొటోల ఫ్లెక్సీ

నర్మద ఒక్కసారి మైకు పట్టుకుంటే మూడు మండలాలు ఖాళీ అయ్యాయి. కల్హేర్‌లో కల్లాలు వదిలేసి వచ్చారు. సిర్గాపూర్‌లో గడ్డం గీయించుకుంటున్నవాళ్లు సగం నురగతోనే బండెక్కారు. నాగల్‌గిద్ద మీదుగా కర్ణాటకలోకి పోవలసిన బస్సు నారాయణఖేడ్ దాటలేదు. డ్రైవరు ప్రయాణికులందరినీ దింపి, తనూ దిగి వరుసలో నిలబడ్డాడు. ఇదంతా ఒక జొన్నరొట్టె కోసం. నమ్మకం లేనివాళ్లు బస్టాండు దగ్గర ఎవరినైనా అడగవచ్చు. అడిగిన ప్రతివాడూ ఇంకో మండలం కలిపి చెబుతాడు.

అంతటి మనిషి చేసే పనేమిటో మాత్రం ఆ ఊళ్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లు అదొక పనేనని ఒప్పుకోరు. ఊరికి ఏదైనా చెప్పాలనుకున్నవాడు నర్మద దగ్గరికి వస్తే ఏం చెప్పాలో, ఎవరికి చెప్పాలో, ఎక్కడ ఆపాలో ఆమె చెబుతుంది. కరపత్రాలు రాస్తుంది, మైకు ఆటోకు మాటలు రాస్తుంది, వాట్సాప్ గ్రూపులో పెట్టాల్సింది రాస్తుంది, పెట్టకూడనిది కొట్టేస్తుంది. ఈ చివరి పనికే చెమట ఎక్కువ పడుతుంది. హైదరాబాద్‌లో ఒక ప్రచార సంస్థలో పదకొండేళ్లు ఇదే చేసింది. అపార్ట్‌మెంట్ల గురించి ‘ప్రకృతి ఒడిలో’ అని రాసీ రాసీ, ఒకరోజు వెళ్లి చూస్తే ఆ ఒడిలో ఒక్క చెట్టూ కనిపించలేదు. ఆ సాయంత్రమే నారాయణఖేడ్ బస్సెక్కింది.

విత్తనాల దుకాణం పైన ఒక గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు, మూడో నంబరు మీద మాత్రమే తిరిగే ఫ్యాను. ఓనరూ ఆమే, గుమాస్తా ఆమే, ఊడ్చేదీ ఆమే. మొదట ‘నర్మద కమ్యూనికేషన్స్’ అని బోర్డు పెట్టింది. వారం రోజుల్లో పదిహేడు పగిలిన ఫోన్లు వచ్చాయి. “స్క్రీన్ గార్డు సుత ఎయ్యరాదా? మరి ఏం కమ్యూనికేషన్స్?” అని కోపగించుకుని దిగిపోయినవాళ్లు కొందరు. బోర్డు తీసేసి ‘మాట సలహా కేంద్రం’ అని పెట్టింది. ఈసారి మొగుడూ పెళ్లాల తగాదాలు వచ్చాయి. ఒకాయన అత్తగారిని కూడా వెంటబెట్టుకొచ్చి, “ఈమెకు ఒక మాట చెప్పున్రి మేడం” అని కుర్చీ వేశాడు. ఇప్పుడా బోర్డు మీద ‘నర్మద’ అని మాత్రమే ఉంది. అది చూసి చీరల దుకాణమనుకుని ఎక్కేవాళ్లున్నారు.

దారి తెలిసి వచ్చినవాళ్లతో బాధ ఇంకోరకం. ఒక బడి యజమాని కరపత్రంలో ‘నంబర్ వన్’ పద్నాలుగు చోట్ల ఉండాలన్నాడు. ఆమె పదమూడు కొట్టేస్తే పదమూడు రోజులు మాట్లాడలేదు. ఇంకొకాయన తన బావమరిదికి నిద్ర పట్టకుండా చేసే వాట్సాప్ స్టేటస్ రాసిపెట్టమన్నాడు. బావమరిది చేసిన తప్పేమిటని అడిగితే, “అది నువ్వే ఆలోచించాలె. సలహా దుకాణం నీది గదా” అన్నాడు.

ఇలా నాలుగేళ్లు గడిచాక, మొన్న కందులు కోసిన తరవాత, సిద్దమ్మ మెట్లెక్కి వచ్చింది. నలభై ఐదేళ్ల మనిషి. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టుకుంటూ ఎక్కింది. వచ్చీ రాగానే కుర్చీ వద్దని గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

“చెల్లె, రొట్టెలు చేసుడు నాకస్తది. చేస్తున్ననని చెప్పుడు రాదు” అంది.

నర్మదకు లేచి దండం పెట్టాలనిపించింది. తనకేం రాదో తెలిసిన మనిషి ఈ గది మెట్లెక్కడం అదే మొదటిసారి.

సిద్దమ్మది నాగల్‌గిద్ద పక్క. ప్రతి ఏడూ కందికోతలు కాగానే మేస్త్రీ వ్యాను వస్తుంది, ఊళ్లో పదిమందితో కలిసి హైదరాబాద్ పోతుంది, వానలదాకా బిల్డింగు పనుల్లో ఇసుక తట్టలు మోస్తుంది. పోయిన ఏడు మూడో అంతస్తు ఎక్కుతుంటే మోకాళ్లు రెండూ ఒకేసారి మొరాయించాయి. తట్ట అక్కడే దించి, మెట్ల మీద కూర్చుని, సాయంత్రం దాకా లేవలేకపోయింది. అందుకే ఈ ఏడు బస్టాండు వెనక సందులో ఒక గది తీసుకుంది. జొన్నరొట్టె, పుంటికూర, ఎల్లిపాయ కారం. రొట్టె కాగితమంత పలుచగా, పళ్లెమంత గుండ్రంగా వస్తుంది. ఆమె చేతిలో అది తిరుగుతుంటే ఫ్యాను తిరుగుతుందనుకుని దుకాణాలవాళ్లు చొక్కా గుండీలు విప్పుకుంటారని చెబుతారు.

“శనివారం తెరుస్త. మంగళారం అంగడి. బుధారం తెల్లారి మేస్త్రీ వ్యానొస్తది. గప్పటికి నలుగురు తిననీకి వస్తున్నరంటే ఉంట. లేకపోతే గా వ్యానెక్కుడే” అంది సిద్దమ్మ. తరవాత మోకాలు నిమురుకుంటూ, “ఎక్కుత గని, మల్ల దిగుతనో లేదో” అని నవ్వింది.

నర్మద నవ్వలేదు. “ఈ సందంతా నిండుతది అక్కా. నాది పూచీ” అంది. పదకొండేళ్ల ఉద్యోగంలో ఎవరికీ ఇవ్వని మాట అది.

మర్నాడు సంగమేశ్వర్ వచ్చాడు. సిద్దమ్మకు మరిది. గది మాట్లాడిపెట్టింది ఆయనే కాబట్టి రొట్టె గుండ్రంగా రావడం కూడా తన చలవేనని ఆయన నమ్మకం. ఫోను బల్ల మీద పెట్టాడు.

“ఫొటోలు తెచ్చిన చెల్లె, ఫ్లెక్సీకి.”

“ఎన్ని?”

“ఎక్కువ లెవ్వు. ముప్పై ఎన్మిది.”

“రొట్టెది ఉన్నదా అండ్ల?”

“రొట్టెదెందుకు? రొట్టె ఎట్లుంటదో ఎవలకెర్కలేదు?”

నర్మద ఫొటోలు చూడటం మొదలుపెట్టింది. నల్లద్దాలవి తొమ్మిది. దండం పెడుతున్నవి పద్నాలుగు. “ఈయనెవరు?”

“మా షడ్డకుడు.”

“ఈయన?”

“మా షడ్డకుని దోస్తు. మంచోడు పాపం.”

“ఈ మంచోడు ఫోన్ మాట్లాడుకుంట దిగిండు ఫొటో.”

“బిజీ మనిషని తెల్వాలె గద మరి!”

“ముప్పై ఎన్మిది మందిని పెట్టినంక దుకాణం ఏడుందో రాయనీకి జాగ ఏదన్నా?”

“కింద సన్నగ రాయి. అవసరమున్నోడు వంగి సదువుకుంటడు.”

నర్మద కళ్లు మూసుకుని పది లెక్కపెట్టింది. తరవాత చాలా మర్యాదగా, హైదరాబాద్‌లో పెద్ద పెద్ద కంపెనీలవాళ్లకు చెప్పినట్టే చెప్పింది. చూసేవాడు బండి మీద పోతుంటాడని, మూడు సెకన్లకంటే చూడడని, ఆ మూడు సెకన్లలో కడుపులో ఆకలి కదలాలని, షడ్డకుడి దోస్తును చూస్తే ఎవరికీ ఆకలి కాదని. సంగమేశ్వర్ అంతా విన్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

“సదువుకున్నోళ్లతోని గిదే పరేషాన్” అని మెట్లు దిగాడు.

ఫ్లెక్సీ వేసేది వేణు. ఊళ్లో పుట్టినరోజులన్నీ, పెళ్లిరోజులన్నీ అతని కంప్యూటరులోంచే పుడతాయి. నర్మద పంపిన దాన్ని తెర మీద చాలాసేపు చూశాడు. మధ్యలో పెనం మీద పొంగుతున్న పెద్ద రొట్టె. కింద చిరునామా. వేళలు. అంతే.

“అక్కా, మనుషులెవలు లేరు?”

“రొట్టె ఉన్నది గద.”

“ఒక్కటే ఫొటో ఉన్న ఫ్లెక్సీ అంటే మన దగ్గర శ్రద్ధాంజలే అక్కా. దండ ఒక్కటే తక్కువున్నది.”

“ఎయ్యి వేణూ” అంది నర్మద.

శనివారం సిద్దమ్మ తెల్లవారకముందే పొయ్యి అంటించింది. పదకొండు గంటలకల్లా వంద రొట్టెలు బుట్టలో ఉన్నాయి. బుట్ట మీద తడిగుడ్డ ఉంది. సందులో మనుషులు లేరు. ఉన్నవాళ్లు కూడా దుకాణం ముందుకు రాగానే అవతలి గోడ పక్కకు జరిగి, ఎవరో పిలుస్తున్నట్టు జేబులోంచి ఫోను తీసి, చెవికి పెట్టుకుని నడిచిపోయారు. ఒంటిగంటకు బీదర్ నుంచి వచ్చిన ఒక లారీ క్లీనరు దారి తప్పి లోపలికొచ్చాడు. సిద్దమ్మ సంతోషం పట్టలేక కన్నడంలో “ఊట మాడప్పా” అని కూర్చోబెట్టి, తినమని నాలుగు రొట్టెలు వేసింది. అతను నాలుగూ తిన్నాడు. మైకు ఆటో నడిపే బస్వరాజ్ రెండు తిన్నాడు. నర్మద కోపంతో మూడు తింది. మిగిలిన తొంభై ఒకటి అలాగే ఉన్నాయి.

“ఫ్లెక్సీ బాగనే ఉన్నది గద చెల్లె” అంది సిద్దమ్మ, ఆమెను ఓదారుస్తున్నట్టు. ఆ ఓదార్పే నర్మదకు ఎక్కువ గుచ్చుకుంది. తడిగుడ్డ తీసి, మడతపెట్టి, మళ్లీ కప్పింది సిద్దమ్మ. “మేస్త్రీకి ఫోన్ చెయ్యాల్నా మరి?”

“అంగడి దాక ఆగక్కా” అంది నర్మద. బయటికొచ్చి బస్వరాజ్ మీద విరుచుకుపడింది. “ఏమయింది ఊరికి? ఎవల పండ్లకు ఏమయింది? జొన్నరొట్టె తినని ఇల్లున్నదా గీ ఊర్ల?”

బస్వరాజ్ ఆటో అద్దం తుడుస్తున్నాడు. తొందరేమీ పడలేదు. “అక్కా, పెండ్లికి నువ్వు కార్డు సూసి పోతవా, పిలిచినోని మొహం సూసి పోతవా?”

“దీనికి, దానికి ఏం సంబంధం?”

“సంగమేశ్వరన్న ముప్పై ఎన్మిది ఇండ్లు తిరిగిండు. ఇంటింటికి పోయి, ‘మా వదినె దుక్నం తెరుస్తుంది, ఫ్లెక్సీ మీద నీ ఫొటో ఉండాలె’ అని అడిగి ఫొటో తెచ్చుకున్నడు. వాళ్లు పెండ్లాం పిల్లలకు చెప్పుకున్నరు. పొద్దుగాల సూస్తే రొట్టె ఒక్కటే ఉన్నది. ఏమన్నట్టు? బొట్టు పెట్టి పిలిచి, గడప కాడ నిలవెట్టి బొట్టు తుడిసినట్టు గాదా?”

పదకొండేళ్లలో ఏ పుస్తకంలోనూ, ఏ మీటింగులోనూ ఎవరూ నర్మదకు ఈ సంగతి చెప్పలేదు. ఆమె ఫ్లెక్సీని ప్రకటన అనుకుంది. ఈ ఊళ్లో అది పిలుపు. ఒక్కో ముఖం వెనక ఒక ఇల్లు ఉంది, ఒక గల్లీ ఉంది, పదిమంది దోస్తులున్నారు. ఆ ముఖాన్ని తీసేస్తే ఆ గల్లీ మొత్తాన్ని రావద్దని చెప్పినట్టే. షడ్డకుడి దోస్తుతో సహా. అవతలి గోడ పక్కనుంచి ఫోను చెవికి పెట్టుకుని పోయినవాళ్లలో ఆ బిజీ మనిషి కూడా ఉన్నాడని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆదివారం పొద్దున సంగమేశ్వర్ హోటల్లో చాయ్ తాగుతున్నాడు. నర్మద పోయి ఎదురుగా కూర్చుంది. ఆయన చాయ్ గ్లాసుతోనే మాట్లాడాడు.

“రొట్టె ఫొటో మస్తుగొచ్చింది.”

“అన్నా, తప్పయింది. ఇయ్యాల్లనే ఇంకో ఫ్లెక్సీ ఏపిస్త. ముప్పై ఎన్మిది మందిని పెడత. నల్లద్దాలు సుత ఉంచుత.”

“ఇగ వద్దు. ఇప్పుడేస్తే ఏమంటరు ఎర్కనా? ఏడిసి ఏపించుకున్నరు అంటరు. ఎవలు మొహం పెట్టనియ్యరు.”

“మరేం చెయ్యాలె?”

“నోటితోని పిలువాలె. పేరు పెట్టి.”

“ముప్పై ఎన్మిది ఇండ్లు. అండ్ల సగం ఊర్లల్ల ఉన్నరు. రెండు రోజులల్ల నేనొక్కదాన్ని ఎట్ల తిరగాలె?”

“నాకేమెర్క? సలహాలు చెప్పుడు నీ పనాయె” అన్నాడు సంగమేశ్వర్. అని, గ్లాసు కింద పెట్టి, ఆమె ముఖం వైపు మొదటిసారి చూశాడు. “మా వదినె మోకాళ్లు నువ్వు సూసినవా చెల్లె? పోయినేడు నేను ఎత్తుకొచ్చిన బస్సుల కెల్లి.”

నర్మద పర్సులోంచి కాగితం, కలం తీసింది. “పేర్లు చెప్పు. ఎవల పేరు ముందు, ఎవల పేరు ఎనుక, సరిగ్గ చెప్పు.”

మంగళవారం అంగడికి, అంటే వారం సంతకు, అందరూ వస్తారు. ఇంటింటికి తిరగలేకపోతే, ఇళ్లన్నీ ఒకచోటికి వచ్చే రోజున పిలవాలి. బస్వరాజ్ ఆటోను ఉల్లిగడ్డల కుప్పల పక్కన నిలబెట్టారు. మామూలుగా అందులో రికార్డు చేసిన మాటలే తిరుగుతుంటాయి. ఆ రోజు రికార్డు పనికిరాదు. నర్మద వెనక సీటులో నిలబడి, తల ఆటో టాపుకు తగలకుండా వంచుకుని, మైకు పట్టుకుంది. ముందు సీటులో సంగమేశ్వర్ కాగితం పట్టుకుని, వరస తప్పకుండా కాపలా కాశాడు.

“పేర్లు ఎన్నడూ వాడకండి, లాభం చెప్పండి” అని హైదరాబాద్‌లో కొత్తవాళ్లకు పాఠం చెప్పిన నోటితోనే మొదలుపెట్టింది. “సిద్దమ్మక్క రొట్టెల దుకాణానికి మిమ్ముల పేరుపేరున పిలుస్తున్నం...” మొదటి పేరు చదవగానే ఉల్లిగడ్డల కుప్ప వెనక ఒక మనిషి లేచి నిలబడ్డాడు. మోకాళ్లు దులుపుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అతన్నే చూస్తున్నారు. అంగడి నడిమధ్యన, అంతమంది ముందు, పేరు పెట్టి పిలిస్తే పోకుండా ఎలా ఉంటాడు? భార్యను పిలిచాడు, తమ్ముణ్ణి పిలిచాడు, సంచి భుజాన వేసుకుని సందువైపు నడిచాడు.

పదకొండో పేరు దగ్గర గొడవ మొదలైంది.

“పటేల్ అనలే!” అని ఒకాయన ఆటో రాడ్డు పట్టుకున్నాడు. “ఒట్టి పేరేనా? నేనేమన్న చిన్నపోరన్నా?”

మళ్లీ చదివింది.

“మా నాయిన పేరు ఏది?” అని ఇంకొకడు. “నన్ను పిల్చి నాయిన్ని పిలువకపోతే ఇంటికాడ నన్ను ఉండనిస్తడా?”

నాయిననీ పిలిచింది.

షడ్డకుడు వచ్చాడు. తన పేరు బాగానే వచ్చిందన్నాడు. దోస్తు పేరు కొద్దిగా గట్టిగా రావాల్సిందన్నాడు. ఆ దోస్తు కొంచెం అవతల నిలబడి, ఫోను చెవికి పెట్టుకుని, వింటూనే ఉన్నాడు. నర్మద గొంతు చించుకుని చదివింది. అతను ఫోను దించాడు. దాని తెర నల్లగా ఉంది.

ముప్ఫై ఎనిమిదీ అయిపోయాయి. అయితే అసలు పీడ అప్పుడే మొదలైంది. ఫ్లెక్సీతో ఏ సంబంధమూ లేనివాళ్లు ఆటో చుట్టూ మూగారు. “నా పేరు రాలే.” “మా ఇంటి పేరు రాలే.” “మా గల్లీల ఎవల పేరూ రాలే, మేము మనుషులం గాదా?” సంగమేశ్వర్ కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టాడు. కాగితం అయిపోతే అరచేతి మీద రాశాడు. నర్మద అతని చేయి పట్టుకుని తిప్పి తిప్పి చదివింది. ఎనభై ఏడో పేరు దగ్గర ఆమె గొంతు పోయి, గరగరమని మాత్రమే వస్తోంది. బస్వరాజ్ మధ్యలో మైకు లాక్కుని, “రొట్టె తిన్నోళ్లకు షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు...” అని మొదలుపెట్టబోతే చేతి మీద ఒక్కటి కొట్టి మైకు గుంజుకుంది. “లేనిది చెప్పకురా! సచ్చినా చెప్పకు!” అన్నది మైకులోనే పోయింది. అంగడి అంతా నవ్వింది.

ఆకుకూరలు అమ్మే రుక్కమ్మ ముసలామె. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ఆటో దాకా వచ్చింది.

“బిడ్డా, నా పేరు ఎన్నడన్న మైకుల వచ్చిందా? ఓట్లప్పుడు సుత రాలే. సదువు.”

“రుక్కమ్మ” అంది నర్మద.

రుక్కమ్మ తల వంచి వింది. ఆటో మీది హారన్ వైపు చూసింది. “ఇంకోపారి” అంది.

నర్మద ఇంకోసారి చదివింది. ఉన్న గొంతంతా పెట్టి చదివింది. రుక్కమ్మ వెనక్కి పోయి, తన వరుసలో కూర్చున్న ఆడవాళ్లందరినీ లేపి, కొత్తిమీర కాపలాకు ఒక్కదాన్ని వదిలి, తొమ్మిదిమందిని తీసుకుని సందులోకి పోయింది.

మధ్యాహ్నం రెండింటికి నర్మద సందులోకి వచ్చేసరికి సిద్దమ్మ దుకాణం గడప కనిపించలేదు. చెప్పులే కనిపించాయి. లోపల చోటు లేక బయట గోడ వెంబడి కూర్చున్నారు, చేతుల్లో రొట్టె, రొట్టె మీదే పుంటికూర. అవతలి గోడ, ఇవతలి గోడ, రెండూ నిండాయి. సిద్దమ్మ తల ఎత్తే తీరిక లేకుండా రొట్టె తడుతోంది. రుక్కమ్మ ఎవరూ చెప్పకుండానే పొయ్యి దగ్గర కూర్చుని పెనం మీదివి తిప్పుతోంది. “పలుచగ చేస్తుంది గని, ఉప్పు తక్కువ” అని అందరికీ వినపడేలా అంటోంది. ఆమె తింటున్నది మూడో రొట్టె.

“తిన్నవా చెల్లె?” అంది సిద్దమ్మ, చేయి ఆపకుండా.

నర్మద నోరు తెరిచింది. మాట రాలేదు. తల అడ్డంగా ఊపింది.

బుధవారం తెల్లవారుతుండగా మేస్త్రీ వ్యాను వచ్చింది. సిద్దమ్మ ఊరికి పోయి వచ్చిన వ్యాను, ఆమె కోసం బస్టాండు దగ్గర ఆగింది. అందులో ఎనిమిదిమంది ఉన్నారు, తొమ్మిదో చోటు ఆమెది. సిద్దమ్మ పిండిచేతులతో వచ్చి, కిటికీలోంచి ఎనిమిదిమందికీ రొట్టెలు ఇచ్చింది. మేస్త్రీకి కూడా ఒకటి ఇచ్చింది. “వానలకు రాన్రి అందరు. గీడ్నే తిందురు” అంది. వ్యాను కదిలాక కాసేపు అక్కడే నిలబడి, పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయని గుర్తొచ్చి, తన తీరున మెల్లగా నడుచుకుంటూ సందులోకి పోయింది.

నర్మద గొంతు మాత్రం తొమ్మిది రోజులు రాలేదు. ఆ తొమ్మిది రోజులూ ఆమె గది మెట్లు జనంతో అరిగిపోయాయి. ఎవరికి ఏ సలహా కావాలన్నా పలక మీద రాసి చూపించింది. అట్లా రాసిన సలహాలకే ఊరు ఎక్కువ విలువ ఇచ్చిందని కూడా ఒక మాట ఉంది. బడి యజమాని ‘నంబర్ వన్’ ఒక్కచోటే చాలన్నాడని, బావమరిది స్టేటస్ అడిగినాయన బావమరిదితో కలిసి వచ్చి రొట్టె తిన్నాడని, ఆ అంగడి నాటి మైకు మాటలు గాలిలో సిర్గాపూర్ దాకా పోయి అక్కడి మనుషులకు కూడా ఎవరి పేరు వాళ్లకు వినపడిందని చెప్పుకుంటారు. ఈ సంగతులన్నీ నర్మద ముందు ఒకసారి చెబితే, కంప్యూటరు మీంచి చూపు తీయకుండా ఇలా అంది:

“మూడు మండలాలు లెవ్వు, బస్సు లేదు. సిద్దమ్మక్క ఆ రోజు నూట అరవై రొట్టెలు చేసింది, పదకొండు మిగిలినయి. నేను పేర్లు సదివిన, గంతే. అండ్ల రెండు తప్పు సదివిన.”